డాక్యుమెంటరీ చిత్రోద్యమ సారథి జాన్ గ్రియర్సన్

పూర్వము టూరింగ్ టాకీసులలోను, పట్టణపు సినిమాహాళ్లలోను అసలు ఆట ఆరంభమగుటకు ముందు ఫిలిమ్స్ డివిజన్ వారి చిన్న చిత్రమొకటి వేయుచుండిరి. ఆనకట్ట నిర్మాణమో, మశూచికపు టీకాయో, చేనేతయో, వరద బాధితుల సహాయమో తెరపై కనబడుచుండగా గంభీరమైన కంఠమొకటి దానిని తెలుగులో వివరించుచుండెడిది. పలువురు ఆ సమయమున బయట సోడా త్రాగుచు నిలిచెడివారు. కొందరు మాత్రము శ్రద్ధగా చూచెడివారు. కల్పితకథ లేక, పేరుపొందిన నటులు లేక, లోకములో నిజముగా జరుగు పనిని చూపునట్టి చిత్రమునకు డాక్యుమెంటరీ యని పేరు. ఆ పేరును ఆంగ్లమున వాడుకలోనికి తెచ్చి, ప్రభుత్వధనముతో అట్టి చిత్రములను తీయు పద్ధతిని నెలకొల్పి, సినిమాహాలు లేని పల్లెలకు సైతము వానిని చేరవేసినవాడు జాన్ గ్రియర్సన్ అను స్కాట్లండు దేశీయుడు.

స్కాట్లండు గ్రేట్ బ్రిటన్ దీవికి ఉత్తరభాగము. అచట డీన్‌స్టన్ అను మిల్లుగ్రామమున 1898వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన గ్రియర్సన్ జన్మించెను. తండ్రి రాబర్టు మారిసన్ గ్రియర్సన్ బడిపంతులు. ఆయన పూర్వులు సముద్రతీరమున దీపస్తంభములకు కావలి యున్నవారు. తల్లి జేన్ ఆంటోనీయు ఉపాధ్యాయినియే. పిల్లవానికి రెండేండ్ల ప్రాయమున తండ్రికి స్టెర్లింగు పట్టణము చెంతనున్న కాంబస్‌బారన్ గ్రామపు బడిలో ప్రధానోపాధ్యాయ పదవి లభించి కుటుంబ మచటికి తరలెను. గనులలోను, రాతిక్వారీలలోను, ఉన్నిమిల్లులోను పనిచేయువారి బిడ్డలు ఆయనకు తోడి విద్యార్థులైరి. తల్లి స్త్రీల వోటుహక్కునకై పాటుపడిన ధైర్యశాలిని. లేబరుపార్టీ ఎన్నికల సభలకు పలుమార్లు అధ్యక్షత వహించెను. విద్యవలననే మనుష్యుడు స్వతంత్రుడగునని, కష్టించి పనిచేయుటయే దైవమునకు ప్రీతికరమని ఆ యింట నిత్యము వినబడు బోధ. తరువాతి కాలమున గ్రియర్సన్ మతమును గూర్చి యెక్కువగా మాటలాడకున్నను, సినిమాతెరను ఒక ధర్మవేదికగా తలచుట మాత్రము ఈ యింటినుండి వచ్చినదే.

మొదటి ప్రపంచయుద్ధమున ఆయన నౌకాదళములో చేరి, శత్రువులు సముద్రమున దాచిన మందుపాతరలను ఏరివేయు చిన్న ఓడలలో వైర్‌లెస్ ఉద్యోగిగా పనిచేసెను. 1919లో విడుదల పొంది, గ్లాస్గో విశ్వవిద్యాలయమున ఆంగ్లసాహిత్యమును, నీతిశాస్త్రమును చదివి 1923లో ఎం. ఏ. పట్టము నొందెను. సముద్రముపై మక్కువ, శ్రామికులయెడ గౌరవము, వాదమునందు మిక్కిలి పట్టుదల, ఇవి ఆ నాటికే ఆయన స్వభావములో స్థిరపడినవి.

1924లో రాక్‌ఫెల్లర్ నిధివారి విద్యార్థివేతనముతో అమెరికాకు వెళ్లెను. పత్రికలును, సినిమాలును ప్రజాభిప్రాయము నెట్లు తీర్చుచున్నవో పరిశీలించుట ఆయన చేపట్టిన పని. షికాగో నగరమున నాడు యూరపుఖండమునుండి వలసవచ్చిన జనులు లక్షలకొలది యుండిరి. తమ భాషలను క్రమముగా విడిచి ఆంగ్లము నేర్చుకొనుచున్న ఆ జనులు ప్రభుత్వ ప్రకటనలవలన గాక, పెద్ద అక్షరముల పత్రికలవలనను సినిమాలవలనను అమెరికనులగుచుండుట ఆయన గమనించెను. ఆధునిక రాజ్యవ్యవహారములు మిక్కిలి జటిలములైనవి గనుక సామాన్యుడు వానినెఱిగి సరియైన తీర్పు చెప్పజాలడని వాల్టర్ లిప్‌మన్ అను ప్రసిద్ధ పాత్రికేయుడు ఆ దినములలో వ్రాసియుండెను. గ్రియర్సన్ రోగనిర్ణయమును ఒప్పుకొనెను గాని, రోగి బ్రదుకడన్న మాటను ఒప్పుకొనలేదు. సామాన్యునికి సర్వమును తెలియజెప్ప నక్కరలేదు. తన ఊరి వెలుపలి లోకముతో తనకుగల సంబంధమును కన్నులకు కట్టించినచో చాలును. అందుకు సినిమాకు మించిన సాధనము లేదు, అని ఆయన నిశ్చయించుకొనెను. పత్రికలను విడిచి సినిమాలను పరిశీలింపుమని సలహా యిచ్చినవాడును ఆ లిప్‌మనే యగుట విశేషము.

రాబర్టు ఫ్లహర్టీ అను అమెరికను పసిఫిక్ మహాసముద్రమునందలి సమోవా దీవుల జీవనమును చిత్రించి మోనా అను చిత్రమును వెలువరించెను. 1926వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీన న్యూయార్క్ సన్ పత్రికలో గ్రియర్సన్ దానిని సమీక్షించుచు, దానికి డాక్యుమెంటరీ విలువ కలదని వ్రాసెను. ఫ్రెంచివారు యాత్రాచిత్రములకు వాడు మాటనుండి వచ్చిన ఆ పదము ఇట్లు ఆంగ్లమున ప్రచారము లోనికి వచ్చెను. ఫ్లహర్టీని గ్రియర్సన్ గురువువలె గౌరవించెను. ఐనను దూరదేశపు దీవులను వెదకుకొని పోవుట ఆయనకు నచ్చలేదు. ఇంటిముంగిట జరుగు పనిలోనే కావలసినంత వీరరసము కలదని ఆయన విశ్వాసము.

1927లో స్వదేశమునకు తిరిగివచ్చి, ఎంపైర్ మార్కెటింగ్ బోర్డు అను ప్రభుత్వసంస్థలో చేరెను. బ్రిటిషు సామ్రాజ్యమునందలి దేశముల సరకులను బ్రిటనులోని ప్రజలచే కొనిపించుట ఆ సంస్థ పని. దాని కార్యదర్శి స్టీఫెన్ టాలెంట్స్ దూరదృష్టిగల అధికారి. కాని ఖజానా శాఖవారికి సినిమాలపై ధనము వెచ్చించుట యిష్టము లేదు. ఆ శాఖయందు ఆర్థిక కార్యదర్శిగా నున్న ఆర్థర్ శామ్యూల్ హెర్రింగ్ అను సముద్రపు చేపను గూర్చి ఒక గ్రంథమే వ్రాసినవాడు. ఈ సంగతి కనిపెట్టి తొలిచిత్రమునకు హెర్రింగ్ చేపలవేటనే విషయముగా ప్రతిపాదించిరి. ధనము మంజూరయ్యెను. పెద్దలచే మంచిపని చేయించుటకు వారి ముచ్చటను పట్టుకొనవలెనను లౌక్యము గ్రియర్సనుకు జీవితాంతము ఉపయోగపడెను.

ఆ చిత్రము పేరు డ్రిఫ్టర్స్. ఉత్తరసముద్రమున ఆవిరిపడవలపై బెస్తలు సాయంకాలము మైళ్లపొడవున వలలు విడిచి, రాత్రి పడవ నలలకు వదలి, తెల్లవారకముందే లేచి తడిసిన వలలను గంటలకొలది లాగుదురు. ఇంతలో గాలివాన. ఆ గాలివానలోనే రేవునకు పరుగు, చేపల వేలము, ఉప్పువేసి పీపాలకెత్తుట, రైలు. చిత్రములోని కథ యింతే. కెమేరాతో గ్రియర్సన్ తానే పడవలపై వెళ్లెను. పడవలోని యిఱుకుగదిలో చిత్రము తీయ వీలులేకపోగా, షెట్లండు దీవులలో గట్టుపై అట్టి గదినే కట్టించి, అందు అసలు బెస్తలనే కూర్చుండజేసి తీసెను. నీటిలోపలి చేపలను ప్లిమత్ నగరపు సముద్రజీవశాస్త్ర పరిశోధనాలయములోని తొట్టెలలో తీసెను. నిజమును చూపుటకు ఇట్టి ఏర్పాటు చేయవచ్చునా యను ప్రశ్న నాటినుండి నేటివరకు వినబడుచునే యున్నది. ఆయన దృష్టిలో నిజమనగా కెమేరా ముందు పడినదెల్ల కాదు. ఏరి, కూర్చి, అర్థము తోపజేసినదే నిజము. ఫిల్ముకూర్పులో ఆయనకు తోడ్పడిన మార్గరెట్ టేలర్ అను నామె 1930లో ఆయన భార్య యయ్యెను.

1929వ సంవత్సరము నవంబరు 10వ తేదీన లండన్ ఫిల్మ్ సొసైటీవారు ఈ చిత్రమును, రష్యాదేశపు ఐసెన్‌స్టయిన్ తీసిన బాటిల్‌షిప్ పొటెంకిన్ అను జగత్ప్రసిద్ధ చిత్రమును ఒకే దినమున ప్రదర్శించిరి. అంతవరకు ఆంగ్లచిత్రములలో కూలివాడు నవ్వించుటకో, నౌకరుగా తలుపు తీయుటకో మాత్రమే కనబడెడివాడు. అతని చేతులును, అతని ముఖమును, అతని పనితనమును చిత్రమంతటికి ముఖ్యవిషయములై తెరను నిండుట సభవారికి క్రొత్త. డ్రిఫ్టర్స్ మన్నన పొందెను.

ఆ కీర్తితో ఆయన దర్శకుడుగా స్థిరపడి ధనము గడింపవచ్చును. కాని ఆయన అట్లు చేయలేదు. పేరుగన్న చిత్రములలో స్వయముగా దర్శకత్వము వహించినది దాదాపు ఇదియొక్కటే. అటుపిమ్మట చిత్రములు తీయువారిని తయారుచేయుటయే ఆయన పనియయ్యెను. 1930లో బోర్డున ఫిల్ము విభాగము నెలకొల్పి బాజిల్ రైట్, ఆర్థర్ ఎల్టన్, ఎడ్గర్ ఆన్‌స్టీ, స్టువర్ట్ లెగ్, పాల్ రోథా మున్నగు యువకులను చేర్చుకొనెను. జీతములు స్వల్పము, పనిగంటలకు మితము లేదు, యజమాని ముక్కోపి. ఐనను ఆ బృందమును విడిచిపోవ నెవరికిని మనసొప్పలేదు. 1933లో బోర్డును మూసివేయగా టాలెంట్స్ తపాలా శాఖకు మారుచు ఈ బృందమునంతటిని తనవెంట తీసికొనిపోయెను. ఫిల్ముకూర్పులో, ధ్వనిలో దిట్టయైన బ్రెజిల్ దేశీయుడు కవల్కాంటీ 1934లో వచ్చి చేరెను.

తపాలా శాఖలో వెలువడిన చిత్రములలో 1936 నాటి నైట్ మెయిల్ సుప్రసిద్ధము. లండనునుండి స్కాట్లండునకు రాత్రియంతయు పరుగెత్తు తపాలారైలులో ఉద్యోగులు ఉత్తరములను ఏర్పరచుటయు, రైలు ఆగకయే సంచులను దించుటయు, ఎక్కించుటయు దాని విషయము. హారీ వాట్, బాజిల్ రైట్ దానిని తీసిరి. పెట్టెలోపలి దృశ్యములను స్టూడియోలో కట్టిన పెట్టెలో తీసి, రైలు కదలికకు తగినట్లు ఉద్యోగులచే ఊగించిరి. చివరిభాగమునకు ఆడెన్ కవి పద్యము వ్రాయగా బెంజమిన్ బ్రిటెన్ సంగీతము కూర్చెను. ఉత్తరములు బట్వాడా చేయు పనిని కవిత్వము చేయవచ్చునని తపాలాబంట్రోతులే అంతకుముందు ఊహించియుండరు.

ఇంతకంటె ముఖ్యమైన చిత్రము మఱియొకటి కలదు. ఆన్‌స్టీయు, ఎల్టనును 1935లో తీసిన హౌసింగ్ ప్రాబ్లమ్స్. లండనులోని స్టెప్నీ పేటలో ఎలుకలు, నల్లులు, కూలుచున్న గోడలు గల కొంపలలో కాపురముండు స్త్రీపురుషులు నేరుగా కెమేరా ముందు నిలిచి తమ కష్టములను తమ మాటలతోనే చెప్పుకొనిరి. వారి బెదురుదీర్చి మాటలాడించుటలో గ్రియర్సన్ చెల్లెలు రూబీ మిక్కిలి తోడ్పడెను. టెలివిజనులో దీనులు తమ గోడు తామే చెప్పుకొనుట నేడు నిత్యకృత్యము, నాడది అపూర్వము. ఈ చిత్రమునకు ధనమిచ్చినది గ్యాసు వ్యాపారసంఘము. పాతకొంపలు కూలి క్రొత్త యిండ్లు లేచినచో వంటగ్యాసు అమ్ముడుపోవునని వారి యాశ.

గ్రియర్సన్ మార్గమునందలి బలమును, బలహీనతయు ఇచటనే యున్నవి. టిక్కెట్ల డబ్బుపై ఆధారపడిన సినిమా ప్రేక్షకుని మెప్పింపవలెను. దాతల డబ్బుపై ఆధారపడిన సినిమా దాతను నొప్పింపరాదు. ఆయన చిత్రములలో గనికార్మికుని చెమట కనబడును గాని గని లాభమెవరిదను ప్రశ్న అరుదుగా కనబడును. 1934లో బాజిల్ రైట్ తీసిన సాంగ్ ఆఫ్ సిలోన్ చూడ ముచ్చటైన చిత్రమే. సింహళమునందలి తేయాకు ప్రచారసంస్థ ధనముతో తీసినది గనుక తోటకూలీలు ఎంతకూలికి ఆకు గిల్లుచున్నారో అందు తెలియదు. సామ్రాజ్యపు సరకుల ప్రచారమునకై ఈ బృందము లండనులో ఏర్పడిన 1930వ సంవత్సరముననే భారతదేశమున ఉప్పు సత్యాగ్రహము జరిగెనని తెలుగు పాఠకులు మఱువజాలరు. గ్రియర్సన్ ఈ లోపమెఱుగని అమాయకుడు కాడు. ప్రభుత్వము ఎంతవరకు సహించునో అంతకు ఒకయడుగు ముందు మాత్రమే నడువవలెనని, అంతకుమించి నడచినచో చిత్రమే లేకుండ పోవునని ఆయన లెక్క. ఆ లెక్క అన్నివేళల సరిపోయినదని చెప్పజాలము.

చిత్రము తీయుటతో పని ముగియదని గ్రహించుట ఆయన అసలు గొప్పతనము. వ్యాపారపు సినిమాహాళ్లవారు ఈ చిన్నచిత్రములను వేయుటకు అంతగా ఇష్టపడలేదు. అంతట లండనులోని ఇంపీరియల్ ఇన్‌స్టిట్యూటులో ఫిల్ముల గ్రంథాలయ మొకటి ఏర్పడెను. పుస్తకములవలె ఫిల్ములను బడులకు, సంఘములకు అద్దెలేకుండ ఎరువిచ్చి తిరిగి తీసికొనుచుండిరి. హాళ్లలోని కుర్చీలకంటె హాళ్ల వెలుపలి కుర్చీలే యెక్కువయని గ్రియర్సన్ తఱచు వాదించెడివాడు.

ఈ వాదము కెనడాలో ఫలించెను. 1938లో ఆ దేశప్రభుత్వము ఆహ్వానింపగా వెళ్లి, వారి ఫిల్ము వ్యవహారములను పరిశీలించి నివేదిక సమర్పించెను. దాని ననుసరించి 1939లో నేషనల్ ఫిల్మ్ బోర్డు చట్టము వచ్చెను. ఆ యేడు అక్టోబరులో గ్రియర్సనే తొలి ఫిల్ము కమిషనరుగా నియుక్తుడయ్యెను. అప్పటికే రెండవ ప్రపంచయుద్ధము ఆరంభమైనది. ఆటవా నగరమున పాతబడిన ఱంపపుమిల్లులో కొలదిమందితో ఆరంభమైన ఈ సంస్థలో 1945 నాటికి ఏడువందలకు పైగా ఉద్యోగులుండిరి. స్టువర్ట్ లెగ్ కూర్చిన చర్చిల్స్ ఐలండ్ అను చిత్రము 1941వ సంవత్సరపు ఆస్కారు బహుమతి నొందెను.

కెనడా మిక్కిలి విశాలమైన దేశము. పల్లెకును పల్లెకును నడుమ అడవులును, మంచుమైదానములును. పలుచోట్ల సినిమాహాలు లేదు, విద్యుత్తును లేదు. 1942లో ముప్పది మంది సంచార ప్రదర్శకులను బోర్డు నియమించెను. ఒక్కొక్కరు మోటారుబండిలో 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, తెర, ఫిల్ముల పెట్టెలు, విద్యుత్తు లేనిచోట జనరేటరు పెట్టుకొని నెలకు ఇరువది ఊళ్ల చొప్పున తిరుగుచుండిరి. పగలు బడిపిల్లలకు, రాత్రి పెద్దలకు ఆట. ఆట ముగిసిన పిదప దీపము వెలిగించి చూచినదానిని గూర్చి చర్చ. రైతు తనకు తెలిసిన సేద్యమును గూర్చి చిత్రములోని తప్పు పట్టుటయు కలదు. కర్మాగారములకును, కార్మికసంఘములకును వేఱుగా ఇట్టి ఏర్పాట్లు జరిగినవి. 1935లో పాతూరి నాగభూషణం గారు కాలువలపై పడవలో పుస్తకములు త్రిప్పిన సంగతి నెఱిగిన ఆంధ్రపాఠకులకు ఈ పద్ధతి విలువ వేఱుగ చెప్ప నక్కరలేదు. యుద్ధానంతరము ఆ ప్రదర్శనల భారమును పెక్కుచోట్ల ఊరివారే ఫిల్ము సంఘములు పెట్టుకొని వహించిరి.

యుద్ధకాలమున గ్రియర్సనుకు గృహదుఃఖమును సంభవించెను. 1940లో పిల్లలను బ్రిటనునుండి కెనడాకు సురక్షితముగా చేర్చుచున్న సిటీ ఆఫ్ బెనారెస్ అను ఓడను జర్మనులు ముంచివేసిరి. ఆ పిల్లల ప్రయాణమును చిత్రించుటకై వచ్చుచున్న చెల్లెలు రూబీ అందు మరణించెను.

1945లో ఆయన కెనడా పదవిని విడిచెను. ఆ సెప్టెంబరులోనే ఆటవాలోని సోవియట్ రాయబార కార్యాలయపు ఉద్యోగి గుజెంకో గూఢచర్యపు కాగితములతో బయటపడెను. ఆ కాగితములలో పేర్కొనబడిన యువతియొకర్తె కొంతకాలము గ్రియర్సన్ కార్యాలయమున కార్యదర్శినిగా పనిచేసియుండెను. 1946లో విచారణసంఘమువారు ఆయనను పిలిచి ప్రశ్నించిరి. ఆయనపై నేరమేదియు ఋజువు కాలేదు. కాని అనుమానమునకు ఋజువుతో పనిలేదు. అమెరికా ప్రభుత్వము ఆయనకు ప్రవేశపత్రము నిరాకరించెను. అచట ఆయన తలపెట్టిన చిత్రసంస్థ కూలిపోయెను. ప్రభుత్వమునకు ఒకయడుగు ముందు నడచు లెక్క ఈసారి తప్పినది.

అటుపై కొన్నేండ్లు తిరుగుటతోనే గడచినవి. 1947లో పారిస్ నగరమున యునెస్కో ప్రచారవిభాగమునకు అధిపతి. 1948 మొదలు 1950 వరకు లండనులో ప్రభుత్వ సమాచారశాఖలో ఫిల్ముల అధికారి. 1951 మొదలు గ్రూప్ త్రీ అను కథాచిత్రసంస్థలో నిర్వాహకుడు. స్కాట్లండులో నిజముగా జరిగిన గనిప్రమాదమును ఆధారము చేసికొని 1952లో ఆ సంస్థ వెలువరించిన ది బ్రేవ్ డోంట్ క్రై తప్ప చెప్పదగినది తక్కువ. నడుమ క్షయవ్యాధి పీడించెను. ఆయన కాలము చెల్లినదని పలువురు తలచిరి.

అట్టి సమయమున 1957లో స్కాటిష్ టెలివిజన్ సంస్థ ఆరంభమయ్యెను. ఆ యేడే గ్రియర్సన్ దిస్ వండర్‌ఫుల్ వరల్డ్ అను కార్యక్రమమును చేపట్టెను. దేశదేశముల డాక్యుమెంటరీ చిత్రములనుండి భాగములను ఏర్చి, తెరపై తానే కనబడి, వానిని పరిచయము చేయుట దాని పద్ధతి. సుమారు పదియేండ్లు అది సాగెను. సూటియైన చూపు, దట్టమైన కనుబొమలు, స్కాట్లండు యాస గల ఈ వృద్ధుడు ఒక్కసారిగా ఇంటింటికి ఎఱుకపడెను. ముప్పది యేండ్లుగా బండ్లలోను, పెట్టెలలోను మోయించిన చిత్రములను ఇంటిలోపలికే చేరవేయు యంత్రము వచ్చినందుకు ఆయన సంతసించెనే గాని, తమ కష్టము వృథాయైనదని వగవలేదు. ఇదే కాలమున క్లయిడ్ నదీతీరపు ఓడల నిర్మాణమును గూర్చి ఆయన రచించిన ప్రణాళికతో తీసిన సీవర్డ్స్ ది గ్రేట్ షిప్స్ ఆస్కారు బహుమతి నొందెను. 1969లో కెనడాకు మరలిపోయి మాంట్రియాలులోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున విద్యార్థులకు బోధించెను.

భారతదేశముతో ఆయనకు సంబంధము చివరికాలమున కలిగెను. ఆయన పద్ధతి మాత్రము ఆయనకంటె ముందే వచ్చినది. 1940లో బొంబాయిలో ఏర్పడిన ఫిల్మ్ అడ్వైజరీ బోర్డునకు లండనునుండి వచ్చిన అలెగ్జాండర్ షా గ్రియర్సన్ బృందమువాడే. యుద్ధప్రచారమునకై పుట్టినది గనుక స్వాతంత్ర్యోద్యమమువారు దానిని ఆదరింపలేదు. ఐనను 1948లో స్వతంత్రభారత ప్రభుత్వము ఫిలిమ్స్ డివిజన్‌ను స్థాపించినపుడు ఆ అనుభవమే పునాది యయ్యెను. ఆ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో లీనమయ్యెను.

1971లో డెబ్బదిమూడేండ్ల వయస్సున గ్రియర్సన్ ఈ దేశమునకు వచ్చి కొన్ని మాసములు సంచరించెను. చిత్రములన్నియు ఒక్క నగరమునుండియే తయారై వచ్చుటకంటె దేశమునందలి వేర్వేఱు ప్రాంతములలో చిన్న చిన్న చిత్రనిర్మాణ బృందము లేర్పడుట మేలని ఆయన చెప్పుచు తిరిగెను. డిసెంబరులో ఇంగ్లండునకు పోయి మరల రాదలచెను గాని, భారత పాకిస్తానుల యుద్ధమువలన ప్రయాణ మాగిపోయెను. జనవరిలో వైద్యులు పరీక్షించి ఊపిరితిత్తులలోను, కాలేయమునను పుట్టకుఱుపు కలదని తెలిపిరి. 1972వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన బాత్ నగరమున ఆయన దివంగతుడయ్యెను.

దహనము చేసి అస్థికలను సముద్రమున కలుపవలెనని ఆయన ముందే వ్రాసియుంచెను. ఐర్లండు తీరమున కిన్‌సేల్ అగ్రము చెంత, సోదరుడు ఆంటోనీ అస్థికలతో కూడ, ఆయన అస్థికలశమును నీటిలోనికి దించిరి. వెంటవచ్చిన చేపలపడవలన్నియు ఆ క్షణమున ఒక్కసారిగా కూతలు వేసినవి.